నల్లమల నుంచి మార్లవాయి దాకా: హైమన్‌డార్ఫ్ కుటుంబ కథ



ఏటా జూన్‌లో హాస్టల్ తెరవగానే పిల్లల చేత అడ్మిషన్ ఫారాలు నింపిస్తాను. సొంత ఊరు అని రాసిన గడి దగ్గరికి వచ్చేసరికి కొందరి చెయ్యి ఆగిపోతుంది. పెంట పేరు రాయరు. బస్సు ఎక్కే ఊరి పేరో, మండలం పేరో రాసేస్తారు. ఎందుకని అడిగితే తల వంచుకుంటారు. నాకు తెలుసు ఎందుకో. బయట పెంట అంటే చెత్తకుప్ప అనుకుంటారు. క్లాసులో ఆ మాట వినబడితే నవ్వుతారు. మనకేమో పెంట అంటే పది గుడిసెలు, చుట్టూ అడవి, మన తాతముత్తాతలు పుట్టిన చోటు.

ఆ పిల్లల కోసమే ఈసారి మన సంచికలో ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన మనవాడు కాదు. మన దేశం వాడు కూడా కాదు. కానీ ఎనభై ఏళ్ళకు ముందే మన పెంటల పేర్లు, ఇంటిపేర్లు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని, సిగ్గుపడకుండా పుస్తకంలో రాసిపెట్టారు. ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన పక్కన ప్రతి అడుగులోనూ ఆయన భార్య బెట్టీ ఉన్నారు. అందుకే ఇది ఒక్క మనిషి కథగా కాక ఒక కుటుంబం కథగా చెబుతున్నాను.

వియన్నా కుర్రవాడు

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో పుట్టారు. కలిగిన కుటుంబం, పెద్ద చదువు. కుర్రతనంలోనే రవీంద్రనాథ్ టాగూర్ రచనలు చదివి భారతదేశం మీద ఇష్టం పెంచుకున్నారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. అస్సాం కొండల్లో, బర్మా సరిహద్దుల్లో ఉండే తెగల సమాజాల మీద 1931లో డాక్టరేటు పొందారు. అప్పటికి ఆ కొండలను ఆయన కళ్ళతో చూడలేదు. పుస్తకాలు చూసి రాసిన పరిశోధన అది. ఆ లోటు ఆయన్ని ఊరికే ఉండనివ్వలేదు. లండన్ వెళ్ళి మలినోవ్‌స్కీ అనే పెద్ద పండితుడి దగ్గర కూర్చున్నారు. ఒక జనం గురించి రాయాలంటే వాళ్ళ మధ్యే ఉండాలి, వాళ్ళ భాష నేర్చుకోవాలి అనే పాఠం ఆ గురువుది.

1936లో ఆయన మొదటిసారి భారతదేశం వచ్చారు. అస్సాం కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య, వాక్‌చింగ్ అనే ఊళ్ళో నెలల తరబడి ఉన్నారు. అప్పట్లో ఆ కొండల్లో ఒక ఊరి మీద మరో ఊరు దాడి చేసి తలలు నరికి తెచ్చే ఆచారం ఇంకా పూర్తిగా పోలేదు. మిల్స్ అనే బ్రిటిష్ అధికారి పాంగ్షా అనే ఊరి మీదికి దండు తీసుకుపోతుంటే ఆయనా వెంట నడిచారు. అప్పటికి వయసు ఇరవై ఏడు. సాహసం అంటే ఇష్టపడే వయసు. కానీ ఆ కొండల నుంచి ఆయన వెనక్కి తీసుకుపోయినవి సాహస కథలు మాత్రమే కాదు. ఫొటోలు, సినిమా రీళ్ళు, పాటలు, పేర్లు, నోటు పుస్తకాల నిండా రాతలు. 1939లో వచ్చిన నాగాల పుస్తకం ఆయన్ని లోకానికి తెలిసేలా చేసింది.

ఆ మధ్యలో, 1938లో, ఆయనకు బెట్టీ బెర్నార్డోతో పెళ్ళయింది. ఆమె ఇంగ్లండు అమ్మాయి. పెళ్ళయ్యాక ఆయన అడవికి, ఆమె ఇంటికి అని పంచుకోలేదు. గుడారం, కాలిబాట, జ్వరం, వాన, నోటు పుస్తకం అన్నీ ఇద్దరివీ అయ్యాయి.

యుద్ధం ఆపేసిన ప్రయాణం

1939లో ఇద్దరూ కలిసి భారతదేశం వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో ఆయన శత్రుదేశం మనిషి. అదుపులోకి తీసుకుని, చివరికి నిజాం పాలిస్తున్న హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్ళకూడదని కట్టడి చేశారు. దేశాలు తిరగాలనుకున్న మనిషికి అది చెరసాల లాంటిదే. కానీ ఆయన ఆ కట్టడిని తిట్టుకుంటూ కూర్చోలేదు. హద్దు లోపల ఎవరున్నారో చూశారు. హద్దు అంచున కృష్ణానది, నది ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమి, ఆ అడవిలో చెంచులు ఉన్నారు.

శ్రీశైలంలో నిలబడి కృష్ణ అవతలికి చూస్తే కనబడే కొండలే అవి. అప్పట్లో ఈ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా. ఆ ఒడ్డు నిజాం రాజ్యం, మహబూబ్‌నగర్ జిల్లా. పటంలో గీత గీసి అడవిని రెండు చేశారు గానీ మన చుట్టరికాలను చేయలేకపోయారు. ఈ ఒడ్డు పిల్లను ఆ ఒడ్డుకు ఇచ్చారు, ఆ ఒడ్డు వాళ్ళు శివరాత్రికి ఈ ఒడ్డుకు వచ్చారు. మల్లన్న మన ఆడపడుచును చేసుకున్న అల్లుడు కదా. ఆయన్ని చెంచు మల్లయ్య అని పిలుచుకునే జనం రెండు ఒడ్డులా ఉన్నారు.

ఈ ఒడ్డున ప్రభుత్వం మన వాళ్ళను ఎలా చూసిందో కూడా మీరు తెలుసుకోవాలి. నల్లమల చెంచులను బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద చేర్చింది. అంటే పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే దొంగల లెక్కలో పడినట్టు. ఆ చట్టం రద్దయింది 1952లో. మన గురించి కాగితం మీద ఉన్న రాతలు ఎక్కువగా పోలీసు రాతలుగా ఉన్న రోజుల్లో హైమన్‌డార్ఫ్ దంపతులు 1940లో అవతలి ఒడ్డున పెంటల్లో దిగారు.

మన ఇళ్ళను ఇళ్ళుగా చూసిన కళ్ళు

వాళ్ళు చూసింది ఏమిటి? గుండ్రటి గోడ, పైన గోపురంలా గడ్డి కప్పు ఉన్న గుడిసెలు. తెల్లవారగానే గడ్డలు తవ్వే కర్ర పట్టుకుని అడవిలోకి పోయే ఆడవాళ్ళు, మగవాళ్ళు. విల్లు, బాణాలు. ఇప్పపూల కాలం, తేనె కాలం, ఆకలి కాలం. వేటకు ముందు తలచుకునే గరెల మైసమ్మ. నిమ్మల, తోకల, కాట్రాజు అని సాగే ఇంటిపేర్లు, ఏ ఇంటి వాళ్ళు ఏ ఇంటి పిల్లను చేసుకోవచ్చో చెప్పే కట్టుబాట్లు. ఏ అడవి ముక్క ఏ కుటుంబాలదో, అక్కడి చెట్టూ పుట్టా మీద ఎవరికి హక్కో. ఇవన్నీ ఆయన రాసుకున్నారు. ఫొటోలు తీశారు, సినిమా కెమెరాతో చిత్రించారు.

1943లో ది చెంచూస్ అనే పుస్తకం లండన్‌లో అచ్చయింది. హైదరాబాద్ ఆదివాసుల మీద ఆయన రాసిన వరుసలో అదే మొదటిది. మనం గర్వపడవలసిన సంగతి ఒకటి ఆ పుస్తకంలో ఉంది. చెంచు ఇంట్లో భార్యాభర్తలు సమానమైన భాగస్వాములని ఆయన గుర్తించారు. ఆడమనిషి తన తిండి తాను సంపాదించుకోగలదు, తన మాట తాను చెప్పగలదు, ఇష్టం లేని కాపురం వదిలి రాగలదు. ఆ రోజుల్లో యూరప్ ఆడవాళ్ళకు కూడా అన్ని చోట్లా అంత స్వేచ్ఛ లేదు. మన పిల్లలు ఇవాళ టీవీ చూసి కట్నాల మాట నేర్చుకుంటున్నారు. మన పెంటలో లేని జబ్బు అది.

మన పెద్దలు తేనె పట్టు గురించి చెప్పే మాట మీకు గుర్తుండే ఉంటుంది. కొండ చరియ మీద నుంచి తాడు కట్టుకుని బావ కిందికి దిగితే, పైన తాడు పట్టుకునేది బావమరిది. తన అక్క పసుపు కుంకుమ తన చేతిలో ఉందని అతనికి తెలుసు కాబట్టి చెయ్యి వదలడు. సాహసం అంటే మన దగ్గర ఒంటరి పని కాదు, కుటుంబం పట్టుకున్న తాడు. హైమన్‌డార్ఫ్ జీవితం చదువుతుంటే నాకు ఎప్పుడూ ఆ తాడే గుర్తొస్తుంది. ఆయన ఎంత లోతుకు దిగినా పైన తాడు పట్టుకున్న చెయ్యి బెట్టీది.

చెంచుల తరువాత దంపతులు గోదావరి ఒడ్డు పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వెళ్ళారు. ఆ పుస్తకం 1945లో వచ్చింది. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. భార్య చేసిన పనికి భార్య పేరు పెట్టడం ఆ కాలపు పండితుల్లో అంత మామూలు సంగతి కాదు.

మార్లవాయిలో కాపురం

1940లో ఆదిలాబాద్ జోడెఘాట్‌లో కొమరం భీమ్ నిజాం పోలీసుల తుపాకీ గుళ్ళకు నేలకొరిగాడు. తిరుగుబాటును తుపాకీతో అణిచారు గానీ అసలు కారణం ఏమిటో ప్రభుత్వానికి అర్థం కాలేదు. గోండుల మధ్యకు వెళ్ళి చూడమని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. దంపతులిద్దరూ మార్లవాయి అనే గోండు గూడెంలో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టారు. అక్కడ ఆయనకు కనబడ్డ కారణం చాలా మామూలుది, చాలా పెద్దది. భూమి. తరతరాలుగా దున్నుకుంటున్న పొలానికి కాగితం లేదు. కాగితం ఉన్నవాడు వచ్చి పొలం తనదన్నాడు. అడవి అధికారి వచ్చి గూడెం ఖాళీ చేయమన్నాడు. వడ్డీ వ్యాపారి పంట పట్టుకుపోయాడు.

ఇక్కడే ఆయన జీవితం మలుపు తిరిగిందని నా అభిప్రాయం. అప్పటిదాకా ఆయన చూసి రాసేవారు. ఇక్కడి నుంచి చూసినదాని కోసం పోట్లాడటం మొదలుపెట్టారు. ప్రభుత్వానికి నివేదిక మీద నివేదిక రాశారు. ఆదివాసుల పేర పట్టాలు ఇవ్వాలని పట్టుబట్టారు. ఆదిలాబాద్‌లో లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసుల పేర ఎక్కింది. ఆదివాసీ ప్రాంతాల కోసం నిజాం ప్రభుత్వం 1356 ఫస్లీలో, అంటే 1940ల నడుమ, ప్రత్యేక చట్టం తెచ్చింది. మనం ఇవాళ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం వెనక ఉన్న ఆలోచనకు తెలంగాణ వైపు వేళ్ళు అక్కడున్నాయి. అమ్రాబాద్‌లో చెంచుల కోసం కొంత అడవిని ప్రత్యేకంగా కేటాయించాలన్న సిఫారసు కూడా ఆయనదే.

టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి నా మనసుకు మరీ దగ్గరైంది ఆయన బడి పని. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. బయటి నుంచి టీచర్ను తెస్తే గూడెంలో నిలవడు, భాష తెలియదు. కాబట్టి గూడెం కుర్రవాడే టీచర్ కావాలి. పిల్లవాడికి మొదటి అక్షరం ఇంటి భాషలో రావాలి. అందుకని గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారు చేయించారు. అక్కడ చదువుకున్న వాళ్ళలో కొందరు టీచర్లయ్యారు, కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు అయ్యారు. నిన్నటిదాకా కాగితం చూస్తే భయపడిన గూడెంలో కాగితం రాసే మనిషి పుట్టాడు. మాతృభాషలో చదువు గురించి మన దేశం ఇవాళ మాట్లాడుతున్న మాటను మార్లవాయి అప్పుడే చేసి చూపించింది.

హైమన్‌డార్ఫ్ దంపతుల కొడుకు నికోలస్‌ను గోండులు తమ పటేల్ పేరుతో లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. ఒక ఊరు తన పెద్ద పేరును పరాయి బిడ్డకు పెట్టుకుందంటే ఆ కుటుంబాన్ని ఎంతగా కలుపుకుందో మీరే అర్థం చేసుకోండి.

తిరిగి తిరిగి వచ్చిన మనిషి

1944లో ప్రభుత్వం ఆయన్ని ఈశాన్య కొండలకు, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి ప్రాంతానికి పంపింది. అక్కడి జీరో లోయలో వరి పండించే అపతానీల మధ్య బెట్టీతో కలిసి ఉన్నారు. మళ్ళీ హైదరాబాద్ వచ్చి ఆదివాసీ వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు, ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చాక లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరి, అక్కడే ప్రొఫెసర్ అయి, 1976 దాకా పనిచేశారు. ఎవరెస్టును మొదటిసారి ఎక్కిన 1953లోనే ఆయన నేపాల్ వెళ్ళి షేర్పాల మధ్య పరిశోధన మొదలుపెట్టారు. బెట్టీ దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని కూర్చారు. 1958లో అచ్చయిన ఆ పుస్తకం ఎందరో పరిశోధకులకు దారి చూపింది.

రిటైరయ్యాక మామూలుగా మనిషి విశ్రాంతి తీసుకుంటాడు. ఆ దంపతులు పెట్టె సర్దుకుని మళ్ళీ మన దగ్గరికే వచ్చారు. తాము యవ్వనంలో చూసిన పెంటలు, గూడేలు మళ్ళీ తిరిగారు. చూసింది సంతోషం కలిగించలేదు. అప్పుడు పట్టాలిచ్చిన భూములు చాలాచోట్ల చేతులు మారిపోయాయి. చట్టం ఉంది, భూమి లేదు. గోండుల మీద ఇద్దరూ కలిసి చేసిన కొత్త పుస్తకం 1979లో, భారత ఆదివాసుల బతుకు పోరాటం మీద రాసిన పుస్తకం 1982లో వచ్చాయి. తన జీవితంలో గర్వపడిన పని సగం కూలిపోయిందని ఒప్పుకుంటూ రాయడానికి ధైర్యం కావాలి. తలలు నరికే ఊరి మీదికి నడిచిపోవడం కంటే అదే పెద్ద సాహసం అని నాకనిపిస్తుంది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో గోండుల మధ్య సమాధి చేశారు. ఆయన ఒంటరిగా లండన్ వెళ్ళిపోయారు. 1990లో ఆత్మకథ అచ్చయింది. 1995 జూన్‌లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో కొడుకు తండ్రి అస్థికలు తెచ్చి మార్లవాయిలో తల్లి సమాధి పక్కన ఉంచాడు. ఏటా జనవరి 11న గోండులు, కోలాములు అక్కడికి చేరి తమ ఇంటి పెద్దలకు చేసినట్టే ఆ ఇద్దరికీ నివాళి అర్పిస్తారు. వియన్నాలో పుట్టినాయన, ఇంగ్లండు నుంచి వచ్చినామె ఆదిలాబాద్ గూడెం మట్టిలో పక్కపక్కన ఉన్నారు.

మనం నేర్చుకోవలసింది

ఆయన్ని దేవుణ్ణి చేయమని నేను చెప్పడం లేదు. ఆయన పని చేసింది నిజాం ప్రభుత్వం తరఫున, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున. పుస్తకాలు రాసింది ఇంగ్లీషులో. మన తాతలు ఆ పుస్తకంలో తమ ఫొటో చూసుకోలేదు, తమ గురించి ఏం రాశారో చదువుకోలేదు. చెంచులు పాతకాలం నాటి మనుషుల్లా మిగిలిపోయారన్నట్టు రాసిన మాటలను తరువాత వచ్చిన వాళ్ళు పట్టుకుని మనల్ని ఎప్పటికీ అక్కడే నిలబెట్టాలని చూశారు. ఆయన ఎంత మంచివాడైనా చూసింది బయటి కళ్ళతోనే. లోపలి కళ్ళతో చూసి రాయవలసినది ఇంకా మిగిలే ఉంది.

అది ఎవరు రాయాలి? మీరే. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని ఆయన పనిచేసిన సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టింది. మీ చేతిలో ఫోన్ ఉంది. ఒకసారి తెరిచి చూడండి, మీ అవ్వకు చూపించండి. ఆ ముఖాల్లో ఎవరినైనా గుర్తుపడుతుందేమో అడగండి. ఆ కాలంలో కెమెరా మోయడానికి మనుషులు కావాలి, రీలు కడగడానికి నెలలు పట్టేది. మీకు ఒక్క బటన్ చాలు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఏ గడ్డ ఏ నెలలో దొరుకుతుందో, ఏ ఇంటిపేరు ఏ అడవి నుంచి వచ్చిందో, లింగమయ్యకు ఏ పాట పాడతారో మీ తాతను అడిగి రికార్డు చేయండి. ఆయన పోతే ఆ పాట కూడా పోతుంది. అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా పెద్దలు చెప్పిన సాక్ష్యమే మనకు బలం. తాత మాట రాసిపెట్టుకోవడం జ్ఞాపకం కోసమే కాదు, భూమి కోసం కూడా.

కిందటి ఏడు మా హాస్టల్ పిల్లలకు ఈ కథ చెప్పాను. ఎనభై ఏళ్ళ కిందట ఒక దొర ఇంత దూరం వచ్చి మీ పెంట పేరు స్పెల్లింగు కూడా జాగ్రత్తగా రాసుకున్నాడు, మీరెందుకు దాస్తున్నారు అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ జూన్‌లో ఫారాలు నింపేటప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చి, ముందటేడు రాసిన ఊరి పేరు కొట్టేసి పెంట పేరు రాయొచ్చా అని అడిగింది. కొత్త ఫారం ఇచ్చాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని పెద్దగా రాసింది.

బెట్టీ, హైమన్‌డార్ఫ్ దంపతులకు మన సంఘం తరఫున నివాళి.